పసుల పోలిగాడు పండ్లు తిన్న రోజు

నా చిన్నప్పుడు మా తర్లుపాడు పక్క పశువులు ఎక్కడ మేస్తే అక్కడ ఒక నల్ల పిట్ట ఉండేది. ఇప్పుడూ ఉంది గాని, చూసేవాళ్ళు తగ్గారు. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు, తోక చివర రెండుగా చీలి ఉంటుంది. గేదె వీపు మీదో, మేక నడుము మీదో కూర్చుని, గిట్టల కింద గడ్డిలోంచి ఎగిరే మిడతల్ని గాల్లోనే పట్టుకుని మళ్ళీ వచ్చి అదే వీపు మీద వాలుతుంది. దాన్ని మేం పసుల పోలిగాడు అంటాం. కోస్తా వైపు ఏట్రింత అంటారు. నిఘంటువు తీస్తే భరద్వాజమని ఉంటుంది.

ఈ మధ్య ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. పిట్టల పేర్ల మీద పుస్తకం రాస్తున్నాడట. పోలి అనేది పాలి నుంచి వచ్చిందనీ, పాలి పాలకుడి నుంచి వచ్చిందనీ, పశుపాలకుడే పల్లెటూరి నోళ్ళలో నలిగి నలిగి పసుల పోలిగాడయ్యాడనీ గంటసేపు నాకే బోధించాడు. ఆ పిట్టను ఎప్పుడైనా చూశావా నాయనా అని అడిగితే, బొమ్మ చూశానన్నాడు. కాఫీ ఇచ్చి పంపించాను. ఇలాంటి వాళ్ళను నేను పదేళ్ళ వయసు నుంచీ చూస్తున్నాను, వీళ్ళ మీద నాకు గౌరవం పుట్టే అవకాశం ఇక లేదు.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా పక్క పోలేరమ్మ పేరు పెట్టుకున్న వాళ్ళు ఇంటికొకరు ఉండేవాళ్ళు. ఆడపిల్లయితే పోలమ్మ, మగపిల్లాడయితే పోలయ్య. అయ్య అనిపించుకునే యోగం ఊరి బయట మా పల్లెలో వాళ్ళకు లేదు గనుక అందరూ పోలిగాళ్ళే. ఊరి పసులు కాసేవాళ్ళు మా పల్లె వాళ్ళే గనుక, పసులు కాసేవాడంటే పోలిగాడని అయిపోయింది. మా తాత కంటే ముందు కాసిన ముసలాయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఏదో ఉండేదట. ఆయన్నూ పోలిగా అనే పిలిచారు. పసుల వెంట పొద్దస్తమానం తిరిగేది, నల్లగా ఉండేది, ఎండా వానా చూసుకోనిది ఇంకొకటి ఆ మేత బీట్లో ఉంది, దానికీ అదే పేరు తగిలించారు. మనిషికీ పిట్టకీ రెండు పేర్లెందుకని ఊరి పెద్దల పొదుపు.

మా తాత అసలు పేరే పోలయ్య. మిషను వాళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాక గుడి రిజిస్టర్లో మంచి బైబిలు పేరు రాశారు. ఊళ్ళో వాళ్ళకు ఆ పేరుకు నోరు తిరగలేదు, తిప్పుదామని ఎవరూ అనుకోలేదు కూడా. అన్నం తినడం చేతగాని పిల్లలు కూడా ఒరే పోలిగా, మా ఎర్రావు కుంటతాంది చూసుకోరా అని చెప్పేవాళ్ళు. మా తాత అట్లనే సామీ అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఆ మంట వాళ్ళ మీదికి పోవాల్సింది, మా తాత మీదికి పోయింది. చిన్నపిల్లలకు సులువుగా దొరికేది తమవాళ్ళే కదా.

మా పల్లెలో మిషను గుడే బడి. ఆదివారం ప్రార్థన, మిగతా రోజులు ఓనమాలు. మొల ఎత్తు గోడ, పైన బోదగడ్డి కప్పు, మధ్యలో అంతా ఖాళీ. అయ్యవారు కోస్తా నుంచి వచ్చినవాడు. మేం వచ్చినాడు, పోయినాడు అంటే చెవులు మూసుకునేవాడు. గొడుగు లేకుండా గడప దాటడు, బురద ఉంటే గొడుగుతో కూడా దాటడు. పాఠం చెప్పేటప్పుడు మొహం మా వైపు, వీపు బయటి వైపు పెట్టుకునేవాడు. ఆ బయటే ప్రపంచమంతా ఉండేది.

ఆ చలికాలం ఇనస్పెక్టరు దొర తనిఖీకి వస్తున్నాడని తెలిసింది. ఆ ఏడు మా బడి నుంచి ఒక్క ఆడపిల్లను మార్కాపురం బోర్డింగుకు తీసుకుంటారని, ఆ పిల్ల కాగితం మీద ఇనస్పెక్టరు సంతకం పడాలని అయ్యవారు చెప్పాడు. చదవడంలో నేనే ముందు. ఆ సంతకం పడితే బోర్డింగు, పడకపోతే పలకల గని. మా నాయన, మా అమ్మ, మా అక్క ముగ్గురూ గనిలోనే రాయి మోసేవాళ్ళు. ఈ సంక్రాంతి దాటితే నన్ను కూడా తీసుకుపోతానని మా నాయన చెప్పేశాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఏడుగురు తినే ఇంట్లో ముగ్గురి కూలి చాలక చెప్పాడు. మా అక్క చేతులు చూస్తే నాకు రాత్రి నిద్ర పట్టేది కాదు. పదమూడేళ్ళకే వేళ్ళ చివర గోళ్ళు అరిగిపోయి ఉండేవి.

తనిఖీ కోసమని అయ్యవారు మాతో పక్షుల పాఠం వల్లె వేయించాడు. శుకము, పికము, బకము, భరద్వాజము. ఇవన్నీ ఏమిటో ఆయనకు తెలుసునని మేం అనుకున్నాం. భరద్వాజమంటే పసువుల మీద వాలే నల్ల పిట్ట అని ఆయనే చెప్పాడు, అంతవరకు నిజమే. ఆహారమేమి అంటే, ఫలములు, ధాన్యములు. చిన్న పిట్టలన్నిటికీ ఒకే జవాబు రాసి పెట్టుకున్నాడు మహానుభావుడు, విడివిడిగా కనుక్కోవడం ఎందుకని.

నేను లేచి, అయ్యవారూ, అది పసుల పోలిగాడు, అది మిడతల్ని తింటాది అన్నాను. ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, ఆ సంగతి మీ తాత చెప్పాడా అన్నాడు. పిల్లలంతా నవ్వారు. కూలివాళ్ళ మాటలు బడిలో మాట్లాడకూడదని, ఇనస్పెక్టరు ముందు ఆ పేరు నోట్లోంచి వస్తే బోర్డింగు మాట మర్చిపోవచ్చని చెప్పాడు. నేను కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాకు భరద్వాజము నచ్చింది కూడా. ఆ పేరులో మా తాత లేడు.

ఆ రోజు నుంచి నేను మధ్యాహ్నం తాతకు సంగటి తీసుకుపోవడం మానేశాను. అది నా పని, నాలుగేళ్ళుగా నేనే మోసేదాన్ని. బీట్లో తాత పక్కన కూర్చుంటే ఆయన తింటూ తింటూ ఎన్నో చూపించేవాడు. పోలిగాడు గూడు పెట్టిన చెట్టు మీదికి కాకి రాదనీ, అందుకే గువ్వలు వెతుక్కుంటూ వచ్చి దాని పక్కనే గూళ్ళు పెడతాయనీ, పిడికెడంత పిట్ట గద్ద వెంటపడి దాని నెత్తి మీద పొడుస్తుందనీ నాకు తెలిసింది అక్కడే. మా పల్లెలో బక్కవాడు ఎవడైనా బలిసినవాడికి ఎదురు తిరిగితే, పోలిగాడు గద్దను తరిమినాడు అనేవాళ్ళు. అవన్నీ వదిలేసి, చదువుకోవాలని జేజికి, అంటే మా నాయనమ్మకు చెప్పి, సంగటి గిన్నె తమ్ముడి నెత్తిన పెట్టాను. మంద బడి ముందు నుంచి వాగుకు పోయేటప్పుడు పలక ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని. తాత ఒకటి రెండు సార్లు గోడ మీదుగా తొంగి చూశాడు. తర్వాత చూడడం మానేశాడు. ఎందుకని అడగలేదు.

ఇనస్పెక్టరు దొర వచ్చాడు. దొర అంటే తెల్లదొర కాదు, మన తెలుగువాడే. కోటు, తలపాగా, చేతిలో వెండి పిడి కర్ర. ఆయన కూర్చోవడానికి పెద్దరెడ్డి ఇంటి నుంచి కుర్చీ తెప్పించారు. ఉడకబెట్టిన కోడిగుడ్లు నాలుగు తిని, పాలు తాగి, మీసాలు తుడుచుకుని మా చదువు వినడానికి సిద్ధమయ్యాడు. నేను పాఠం తడబడకుండా చదివాను. లెక్క చేశాను. ఆయన నా కాగితం ముందుకు లాక్కుని కలం సిరాలో ముంచాడు. అయ్యవారి మొహం వెలిగింది.

అప్పుడే మంద వాగుకు పోతూ బడి ముందుకు వచ్చింది. ముందు నడిచే గేదె మీద ఆ పిట్ట ఉంది. ఇనస్పెక్టరు కలం పట్టుకునే బయటికి చూసి, ఆ పిట్ట పేరేమిటమ్మా అన్నాడు. ఊరికే అడిగాడు, సంతకానికి ముందు ఒక చివరి మాట. భరద్వాజము అన్నాను. ఆయన మొహం విప్పారింది. అది వాళ్ళ గోత్రం పేరట. ఈ పల్లెలో ఆ మాట తెలిసిన పిల్ల ఉందా అని మురిసిపోయి, అయితే అది ఏం తింటుంది అన్నాడు. ఫలములు, ధాన్యములు అన్నాను. నా నోరు ఇంకా మూతపడలేదు, ఆ పిట్ట గేదె మీద నుంచి గడ్డిలోకి దూకి, ఏదో ముక్కున కరుచుకుని మళ్ళీ వచ్చి వాలింది.

ఇనస్పెక్టరు భృకుటి ముడిచాడు. ఏదో పురుగును పట్టినట్టుందే అన్నాడు. పండ్లు తినేదయితే చెట్టు మీద ఉండాలి గాని గేదె మీద దానికేం పని అన్నాడు. అంత మాత్రం తెలివి ఆయనకుందని మా అయ్యవారు ఊహించలేదు, చెమటలు పట్టాయి. జవాబు నా నాలిక చివర ఉంది. గేదె గిట్టలకు మిడతలు లేస్తాయి, వాటి కోసం కూర్చుంటుంది. కానీ ఆ జవాబు పోలిగాడిది, భరద్వాజానిది కాదు. భరద్వాజం గురించి నాకు తెలిసింది ఆ రెండు మాటలే. అయ్యవారు నా వైపు గుడ్లురుముతున్నాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఇనస్పెక్టరు కలం తీసి సిరాబుడ్డి పక్కన పెట్టాడు. వల్లె వేసిన చదువన్నమాట అన్నాడు. నాకు గనిలో రాతి దుమ్ము అప్పుడే ముక్కుకు తగిలినట్టయింది.

ఆయన అంతటితో ఊరుకోక, గోడ అవతల కర్ర పట్టుకుని నిలబడిన మనిషిని చూశాడు.

"ఒరే ముసలోడా, ఇటు రా. ఆ పిట్ట పేరేమిటిరా?"

మా తాత నెత్తిన ఉన్న గుడ్డ తీసి చంకలో పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు. ఇనస్పెక్టరును చూశాడు, కింద పెట్టిన కలాన్ని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత పిట్ట వైపు తిరిగి, జన్మలో దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు.

"పేర్లు మాకేం తెలుస్తాయి సామీ. నల్లపిట్ట అంటాం."

"ఈ పిల్ల భరద్వాజం అంటోంది. పండ్లు తింటుందంటోంది. నిజమేనా?"

"తింటాది సామీ. గొడ్డు మీద ఎందుకెక్కతాదంటే, గొడ్డు బీడంతా తిరగతాది గదా, యాడ ఏ పండు మాగిందో దానికి కూసున్న కాడి నుంచే కనబడతాది."

"మరి ఇప్పుడేదో పట్టిందే?"

"రేగిపండు రాలింటాది సామీ. ఇది రేగిపండ్ల కాలం గదా." ఇది చెప్పి ఆయన కర్ర చేయి మార్చుకున్నాడు. "ఈ పాప ఎవరి బిడ్డో గాని, సదువుకున్న బిడ్డ సెప్పినాక ఇంక మమ్మల్ని అడిగేదేముంది."

ఇనస్పెక్టరు కడుపు కదిలేలా నవ్వాడు. చూశారా పిల్లలూ, చదువు లేకపోతే మనిషి ఎలా తయారవుతాడో అని పాఠం మొదలుపెట్టాడు. జన్మంతా పశువుల వెనక తిరిగాడు, పశువు మీద వాలే పిట్ట పేరు వీడికి తెలియదు. పదేళ్ళ పిల్ల నిఘంటువులో పేరు చెప్పింది. తేడా ఎక్కడుంది, చదువులో ఉంది. ఆయన చెయ్యి చాచి మా తాతను చూపిస్తూ చెబుతున్నాడు. మా తాత గుడ్డ చంకలో పెట్టుకుని, తప్పు చేసినవాడిలా తల వంచుకుని నిలబడి, నిజమే సామీ అంటున్నాడు. అయ్యవారు అందరికంటే గట్టిగా నవ్వాడు, ఆయన ప్రాణం లేచొచ్చింది మరి. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

ఎందుకు నవ్వానో ఇప్పటికీ నాకు నేను సర్ది చెప్పుకోలేదు. భయంతో నవ్వానని అనుకుంటే బాగుండును. కాదు. అందరూ ఒక వైపు ఉన్నారు, ఆయన ఒక్కడూ గోడ అవతల ఉన్నాడు, నేను అందరి వైపు ఉండాలనుకున్నాను. ఇనస్పెక్టరు ఆ నవ్వులోనే కలం తీసి సంతకం చేశాడు. పక్కనున్న తనిఖీ పుస్తకంలో, భరద్వాజ పక్షి పశువుల వీపున ఎక్కి పండ్లు వెతుకునని కూడా రాసుకున్నాడు. ఆ పుస్తకం ఏ కచేరీ బీరువాలోనో చెదలు తినకుండా ఉంటే, ఆ పిట్ట ఇప్పటికీ అందులో పండ్లు తింటూనే ఉంటుంది.

సాయంత్రం మంద తోలి ఇంటికొచ్చిన తాత మొహంలో నేను అనుకున్న బాధ ఏమీ కనిపించలేదు. కాళ్ళు కడుక్కుంటూ, రేగిపండంట, రేగిపండు అని తనలో తనే నవ్వుకున్నాడు. ఇనస్పెక్టరు కుర్చీలో ఎట్ల వెనక్కి వాలినాడో, కోటు గుండీ దగ్గర గుడ్డు సొన ఎట్ల అంటుకుందో చేసి చూపించాడు. మా తమ్ముడు పడీ పడీ నవ్వాడు. గోడ అవతల తల వంచుకుని నిలబడినప్పుడు మా తాత ఇదంతా చూస్తూ ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఆ బడిలో కళ్ళు తెరిచి ఉన్నవాడు ఆయన ఒక్కడే.

జేజి మాత్రం నవ్వలేదు. పల్లెలో అప్పటికే మాట పాకిపోయింది. "పిట్ట పేరు తెల్దంటే అన్నావు, పోనీ. సొంత మనమరాల్ని పట్టుకుని ఎవరి బిడ్డో అనేదానికి నీకు నోరెట్ల వచ్చింది?" అని కుండ కింద పెట్టి అడిగింది.

తాత కాళ్ళు తుడుచుకున్నాడు. "నా మనమరాలంటే నా మాట నమ్మునా ఆయన? తాతా మనమరాలూ కూడబలుక్కుని సెప్పినారనడా?" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, "ఈ బిడ్డకు గూడా అట్లనే బాగుంటాదేమో అనుకున్న్యా" అన్నాడు.

నేను పలక అడ్డం పెట్టుకోవడం ఆయన చూశాడు. సంగటి ఎందుకు మానేశానో ఆయనకు తెలుసు. అన్నీ తెలిసే, నాకు కావాల్సింది ఏదో అదే ఇచ్చాడు. నేను ఏడ్చాను. ఆయన నన్ను దగ్గరికి తీసుకుని, "ఏడిసేదేముంది బిడ్డా. మనం ఏం తింటాదని సెప్పినా పిట్ట తినేదే తింటాది. నువ్వు పోయి సదువుకో" అన్నాడు. క్షమించానని అనలేదు, నేను తప్పు చేశానని ఆయన అనుకుంటే కదా.

బోర్డింగుకు పోయేదాకా రోజూ సంగటి నేనే తీసుకుపోయాను. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఆ పిట్టకు నీ పేరు పెట్టినందుకు నీకు కోపం రాలేదా తాతా అని అడిగాను. ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. తెల్లారక ముందే లేచేది అదే, గొడ్డు వెనక పోయేది అదే, పిడికెడు ఒళ్ళు పెట్టుకుని గద్దకు భయపడనిది అదే, పేరు పెట్టినవాళ్ళు ఎగతాళికి పెట్టినా తగినదానికే పెట్టినారు అన్నాడు. మా తాత గద్దకు భయపడలేదా, సామీ సామీ అనలేదా అని మీరడగవచ్చు. నేనూ అడిగాను, ఆయన్ను కాదు, నన్ను నేను. గూట్లో పిల్లలున్నప్పుడు పిట్ట ఏం చేస్తుందో అది చేశాడు.

నేను చదువుకున్నాను. పంతులమ్మనయ్యాను. ముప్పై ఏళ్ళకు పైగా బయటి వైపు మొహం పెట్టుకునే పాఠం చెప్పాను. నా ఎదుట నిలబడి మాకేం తెలుస్తుందమ్మా అన్న ముసలివాళ్ళ మాట ఒక్కసారి కూడా నమ్మలేదు. తాత నేను బోర్డింగులో ఉన్న రెండో ఏడు పోయాడు. కబురు అందేసరికి మట్టి కూడా చేసేశారు. ఆయన ముందు నవ్వినందుకు ఆయనతో చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది.

అందుకే ఎవరి బిడ్డవమ్మా అని ఎవరడిగినా, గుళ్ళో గాని, పెళ్ళిళ్ళలో గాని, మొన్న ఆ పుస్తకం పెద్దమనిషి ముందు గాని, నేను పసుల పోలిగాడి మనమరాలిని అని చెబుతాను. పోలయ్య అనను, గుడి రిజిస్టర్లో పేరు చెప్పను. వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వనిస్తాను. ఆ రోజు నేను నవ్విన నవ్వుకు అది ఇంకా సరిపోలేదు.